పిల్లలతో పనిచేసే గ్రూపుల్లో రక్షణ రూల్స్: "మనవాళ్ళే కదా" అనేవాళ్ళకి ఏం చెప్పాలి?

శనివారం_బ్యాచ్
అందరికీ నమస్తే. మాది చిన్న వాలంటీర్ గ్రూప్, వీకెండ్స్‌లో పిల్లలకి నాటకాలు, ఆటలు నేర్పిస్తాం, ఎనిమిదేళ్ళ పిల్లల నుంచి పదహారేళ్ళ వాళ్ళ దాకా వస్తారు, ఎవరికీ జీతాలు లేవు, ఆఫీసు కూడా లేదు. ఈమధ్య ఫండ్స్ ఇస్తామన్న ఒక సంస్థ వాళ్ళు "మీ చైల్డ్ ప్రొటెక్షన్ పాలసీ కాపీ పంపండి" అన్నారు. మా దగ్గర అలాంటిదేం లేదు. కమిటీలో ఆ పని తెచ్చి నా నెత్తిన పెట్టారు.

ఒకాయనేమో నెట్లో ఏదో ఒకటి దొరుకుతుంది, పేరు మార్చి పంపేయ్ అంటాడు. ఇంకొకావిడ "మనందరం ఏళ్ళ తరబడి తెలిసినవాళ్ళం, మనవాళ్ళ మీద మనమే అనుమానంతో రూల్స్ రాసుకుంటామా, ఉన్న నలుగురూ నొచ్చుకుని వెళ్ళిపోతారు" అంటోంది. చెడ్డ ఉద్దేశంతో అనట్లేదు పాపం, నిజంగానే అలా అనుకుంటోంది. నాకేమో రాసేదేదో పనికొచ్చేలా రాయాలని ఉంది. మీలో పిల్లలతో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, మీ దగ్గర నిజంగా ఏం పనిచేసింది, ఏది ఫైల్లోనే ఉండిపోయింది, చెప్పండి.

పాత_కోచ్
దీనికి ఇంత ఆలోచన ఎందుకు తమ్ముడూ. అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించు, సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టు, అయిపోయింది. డబ్బులిచ్చేవాళ్ళు చూసేది కూడా అదే.

సరళరేఖ
కోచ్ గారూ, వెరిఫికేషన్ చేయించాలి, కాదనను. కానీ ఆ సర్టిఫికెట్ చెప్పేది ఒక్కటే, ఈ మనిషి ఇంతవరకు దొరకలేదు అని.

2002లో ఇంగ్లండ్‌లో సోహమ్ అనే ఊళ్ళో ఇద్దరు పదేళ్ళ ఆడపిల్లల్ని చంపినవాడు అక్కడి హైస్కూల్లో కేర్‌టేకర్. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు చెక్ చేశారు, ఏమీ లేదని వచ్చింది. తీరా చూస్తే అంతకుముందు వాడున్న ప్రాంతంలో వాడి మీద ఆరోపణలు ఒకటి కాదు చాలానే పోలీసుల దాకా వచ్చాయి, శిక్ష పడలేదు కాబట్టి ఎవరికి వాళ్ళు వదిలేశారు, ఆ సమాచారం ఇక్కడి పోలీసులకి చేరనే లేదు. 2004లో బిచర్డ్ ఎంక్వైరీ రిపోర్టు ఇదంతా బయటపెట్టాక అక్కడ చెకింగ్ పద్ధతే మార్చారు. అంత యంత్రాంగం ఉన్న చోటే అలా జరిగిందంటే మన సర్టిఫికెట్ మీద ఎంత బరువు పెట్టొచ్చో ఆలోచించండి.

మేము చేసేదేంటంటే, మనిషి ఇంతకుముందు పనిచేసిన చోటికి ఫోన్ చేస్తాం. లెటర్లు అడగం, లెటర్‌లో అందరూ మంచే రాస్తారు. "ఈయన్ని మళ్ళీ పిల్లల పనిలోకి తీసుకుంటారా" అని సూటిగా అడుగుతాం, అవతలివాళ్ళు జవాబు చెప్పే ముందు ఎంతసేపు ఆగారో అది కూడా వింటాం. మనిషితో మాట్లాడేటప్పుడు "ఒక పిల్ల వచ్చి మీకు మాత్రమే ఒక రహస్యం చెప్తా, ఎవరికీ చెప్పనని ఒట్టేయండి అంటే ఏం చేస్తారు" అని అడుగుతాం. దీనికి కరెక్ట్ జవాబు రాకపోయినా పర్లేదు, నేర్పించుకోవచ్చు. కానీ ప్రశ్నకే చిరాకు పడేవాళ్ళని తీసుకోం.

మూడో_వరుస
నేను ఇద్దరు పిల్లల తల్లిని, ఏ సంస్థలోనూ లేను, బయట కుర్చీల్లో కూర్చునే బ్యాచ్. ఆ "తెలిసినవాళ్ళే కదా" అన్న మాట దగ్గరే నాకు భయం అండీ. పిల్లలకి హాని చేసేవాళ్ళలో ఎక్కువమంది ముక్కూ మొహం తెలియనివాళ్ళు కాదు కదా, ఇంట్లోవాళ్ళు, చుట్టాలు, ట్యూషన్ చెప్పేవాళ్ళు, కోచ్‌లు, అంటే పిల్లకి నమ్మకం ఉండి, పిల్ల అమ్మానాన్నలకి అంతకంటే ఎక్కువ నమ్మకం ఉన్నవాళ్ళు. గ్రూమింగ్ అంటే పిల్లల్ని మాయ చెయ్యడం అనుకుంటాం గానీ ముందు మాయలో పడేది మనమే. లేటయితే ఇంటి దగ్గర దింపుతాడు, ఫీజు కట్టలేకపోతే తనే కడతాడు, ఎవరూ ఒప్పుకోని పని తను ఒప్పుకుంటాడు, రేపు పిల్ల నోరు తెరిచి ఏదైనా చెప్పినా "ఆయనా? ఛ" అనే స్థితికి మనల్ని తెచ్చి పెడతాడు.

అమెరికా జిమ్నాస్టిక్స్ టీమ్ డాక్టర్ ల్యారీ నాసర్ కేసు చదివాక నాకు కొన్ని రోజులు నిద్ర పట్టలేదు. 2018 జనవరిలో ఒక్క కోర్టులోనే 156 మంది వచ్చి వాడు చేసిన లైంగిక వేధింపుల గురించి చెప్పారు. కొందరి విషయంలో అమ్మో నాన్నో అదే గదిలో కూర్చుని ఉన్నారు! కనపడకుండా అడ్డం నిలబడి, ట్రీట్‌మెంట్ అని చెప్పి చేశాడు.

పాత_కోచ్
అమ్మా మీ భయం అర్థమైంది, కానీ ఈ లెక్కన సాయం చేసేవాడిని చూస్తే అనుమానించాలి, ఫీజు కట్టేవాడిని చూస్తే అనుమానించాలి, ఇక పిల్లలకి మంచి చేసేదెవరు? నేను ఇరవై ఏళ్ళ పైన ఈత నేర్పించాను. నీళ్ళలో పిల్లాడి నడుం కింద చెయ్యి పెట్టకుండా తేలడం ఎలా నేర్పిస్తారో ఈ పాలసీలు రాసేవాళ్ళు ఒకసారి నీళ్ళలోకి దిగి చూపించమనండి. ఓడిపోయి ఏడుస్తున్న పిల్లాడి భుజం మీద చెయ్యి వెయ్యకూడదు, మోకాలు గీరుకుపోతే మందు రాయకూడదు, ఫోన్ చెయ్యకూడదు, నవ్వకూడదు. రోబోలని పెట్టుకోండి.

నల్లబల్ల
కోచ్ గారి కోపంలో న్యాయం ఉంది, ఎందుకంటే చాలా చోట్ల పాలసీ అని పేరు పెట్టి రాసేది "ముట్టుకోకూడదు" అనే ఒక్క ముక్కే. అది పిచ్చి రూల్. చిన్న పిల్లలకి ఓదార్పు కావాలి, ఆటల్లో చెయ్యి పట్టి చూపించాల్సి వస్తుంది.

మా స్కూల్లో చాలా గొడవలు పడి చివరికి ఒప్పుకున్నది ఇది. ముట్టుకునేది పిల్లల అవసరం కోసం అవ్వాలి, మన కోసం కాదు. నలుగురికీ కనపడేలా ఉండాలి. ముందు చెప్పాలి, "నీ వీపు కింద చెయ్యి పెడుతున్నా, సరేనా" అని. వద్దంటే ఆపాలి, ఎందుకని అడక్కూడదు, నవ్వులాటగా కూడా బలవంతం చెయ్యకూడదు. ఇంతే. ఈత మాస్టారికి ఇందులో ఇబ్బంది ఏముంది చెప్పండి, మంచి మాస్టార్లు అందరూ ఆల్రెడీ చేసేది అదే.

ఇక అనుమానం సంగతి. రూల్ ఉండేది ఎవరినో అనుమానించడానికి కాదు సార్, అనుమానించే అవసరం లేకుండా చెయ్యడానికి. ఒక్కర్నే కార్లో దింపకూడదు అని రూల్ లేనప్పుడు ఒకాయన రోజూ ఒకే పిల్లని దింపుతుంటే మనం ఏం అనగలం? అంటే ఆయన క్యారెక్టర్ మీద నింద వేసినట్టు అవుతుంది, కాబట్టి ఎవరూ అనరు, లోపల లోపల పీకుతున్నా ఊరుకుంటారు. రూల్ ఉంటే "సార్, ఇంకొకర్ని కూడా ఎక్కించుకోండి, రూల్ కదా" అంటే సరిపోతుంది. మంచాయనైతే "అయ్యో మర్చిపోయా" అంటాడు. ప్రతిసారీ ఏదో ఒక కారణం చెప్పి రూల్ దాటేవాడు మాత్రం అందరికీ కనపడతాడు. శనివారం గారూ, మీ కమిటీ ఆవిడకి ఈ ముక్క చెప్పి చూడండి. ఇప్పటిదాకా ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేని పరిస్థితిలో ఉన్నారు, దాన్నే ఆవిడ నమ్మకం అనుకుంటోంది.

సంగీతం_టీచర్
నాది వేరే సమస్య. నేను చెప్పేదే ఒక్కొక్కరికి విడివిడిగా. గొంతు సరిచెయ్యాలంటే గుంపులో కుదరదు. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి అంటారు కదా, ఆ రూల్ నాలాంటివాళ్ళకి ఎలా వర్తిస్తుంది?

నల్లబల్ల
@సంగీతం_టీచర్ ఒంటరిగా చెప్పొచ్చు మేడమ్, మూసేసిన గదిలో చెప్పకూడదు. తలుపుకి అద్దం ఉండాలి లేదా తలుపు తీసి ఉండాలి, క్లాస్ టైము ఇంకొకరికి తెలిసి ఉండాలి, పేరెంట్ ఎప్పుడు కావాలంటే అప్పుడు చెప్పకుండా లోపలికి రావచ్చు అని ముందే చెప్పేయాలి. టైమ్ మార్చినా, క్లాస్ పొడిగించినా పేరెంట్‌కి మెసేజ్. అద్దం మీద పోస్టర్లు అంటించకూడదు, నవ్వకండి, ఇది చాలా చోట్ల జరుగుతుంది.

రాత్రి_డ్యూటీ
హాస్టల్ వార్డెన్‌ని. అందరూ పెద్దవాళ్ళు పిల్లల్ని ఏం చేస్తారో అదే మాట్లాడుతున్నారు, నేను డ్యూటీలో ఎక్కువగా చూసేది పిల్లలు పిల్లల్ని చేసేది. పదహారేళ్ళ వాళ్ళనీ తొమ్మిదేళ్ళ వాళ్ళనీ ఒకే గదిలో పడుకోబెట్టి, పెద్దవాడికి "నువ్వు లీడర్, వీళ్ళని చూసుకో" అని అధికారం ఇచ్చి మనం పక్క గదిలో పడుకుంటాం. ర్యాగింగ్ అనండి, సరదా అనండి, పేరేదైనా కానివ్వండి, దెబ్బ తినేది చిన్నవాడు. శనివారం_బ్యాచ్ గారు, మీరు క్యాంపులు పెడతారా? పెడితే వయసుల వారీగా గదులు, పెద్దవాళ్ళు పిల్లల గదిలో పడుకోకూడదు కానీ పిలిస్తే వినపడే దూరంలో ఉండాలి, రాత్రి రౌండ్లు ఇద్దరు కలిసి వెయ్యాలి, బాత్రూముల దగ్గర ఎవరు ఎప్పుడు ఉంటారో ముందే అనుకోవాలి. ఎక్కువ గొడవలు అయ్యేది క్లాసులో కాదు, క్లాసుకీ క్లాసుకీ మధ్య. బట్టలు మార్చుకునే చోట, బస్సులో వెనక సీట్లో, పేరెంట్ లేటుగా వచ్చే ఆ అరగంటలో.

అలాగే సొంతంగా బట్టలు మార్చుకోలేని పిల్లలు, మాట సరిగా రాని పిల్లలు ఉంటే వాళ్ళకి రిస్క్ ఇంకా ఎక్కువ, ఎవరు సాయం చెయ్యాలో పేర్లతో సహా పేరెంట్‌తో కూర్చుని రాసుకోవాలి. "వాడికి ఏం అర్థమవుతుందిలే" అనే మాట నా ముందు ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

శనివారం_బ్యాచ్
క్యాంప్ ఏడాదికి ఒకటి పెడతాం. వయసుల సంగతి అసలు ఆలోచించలేదు, థాంక్స్ అండీ. ఇద్దరు పెద్దవాళ్ళు అనే రూల్ గురించి ఒక ప్రాక్టికల్ డౌట్. మాకు కొన్ని వారాలు ఒక్కడే వాలంటీర్ వస్తాడు. అప్పుడేం చెయ్యాలి?

రాత్రి_డ్యూటీ
క్లాస్ క్యాన్సిల్.

పాత_కోచ్
క్యాన్సిల్ చేస్తే ఆ పిల్లలు రోడ్డు మీద తిరుగుతారు, అది సేఫా?

మూడో_వరుస
ఒక పేరెంట్‌ని ఉండమని అడగండి. అడిగితే ఉంటాం, మమ్మల్ని ఎవరూ అడగరు. పైగా లోపలికి రావద్దు, పిల్లలు డిస్టర్బ్ అవుతారు అని బోర్డులు పెడతారు.

రాత్రి_డ్యూటీ
అది బాగుంది. కానీ ఆ పేరెంట్ కూడా రూల్స్ చదివి సంతకం పెట్టాలి, వచ్చే ముందు రోజే అనుకోవాలి, అప్పటికప్పుడు గేటు దగ్గర దొరికినవాళ్ళని కాదు.

కీప్యాడ్_కుర్రాడు
మీరందరూ గదులు, తలుపులు అంటున్నారు, ఇప్పుడు కథంతా ఫోన్‌లో కదా. నేను ఒక స్పోర్ట్స్ క్లబ్‌కి గ్రూపులు అవీ చూసుకుంటా. మా దగ్గర పెట్టుకున్నది చెప్తా, పిల్లలకి మెసేజ్ పెట్టాలంటే గ్రూపులోనే, ఆ గ్రూపులో పేరెంట్స్ ఉంటారు. విడిగా మెసేజ్ పెట్టాల్సి వస్తే పేరెంట్‌ని కలుపుకుని పెట్టాలి. చదవగానే మాయమైపోయే మెసేజ్‌లు వాడకూడదు. పర్సనల్ అకౌంట్లలో పిల్లల్ని ఫ్రెండ్స్‌గా యాడ్ చేసుకోకూడదు. పిల్లలే అర్ధరాత్రి "సార్ నిద్ర పట్టట్లేదు" అని మెసేజ్ పెడతారు ఒక్కోసారి, అప్పుడు మొహం తిప్పుకోమని కాదు, పొద్దున గ్రూప్ ఇన్‌చార్జ్‌కి చూపించి ఇద్దరూ కలిసి మాట్లాడమని. మెసేజ్‌లో ప్రమాదం ఉన్నట్టు కనపడితే మాత్రం పొద్దున దాకా ఆగకుండా పేరెంట్‌కి ఫోన్.

ఫొటోలు ఇంకో పెద్ద తలనొప్పి. ఫొటో కింద పూర్తి పేరు, స్కూల్ పేరు, ప్రాక్టీస్ ఎక్కడ ఏ టైమ్‌కి అన్నీ పెట్టేస్తారు, అంటే ఆ పిల్ల ఎప్పుడు ఎక్కడ దొరుకుతుందో మనమే చెప్పినట్టు. ఈవెంట్ అయిపోయాక నాలుగు రోజులు ఆగి పెట్టండి, ఊరంతా చూసి మెచ్చుకోవడం నాలుగు రోజులు లేటయితే ఏం కాదు. ఈత డ్రెస్‌లో ఉన్న ఫొటోలు అసలు వద్దు. పేరెంట్ సరే అన్నా పిల్ల వద్దంటే వద్దు.

ఊరికే_చదివేవాడు
ఈ ఫోరంలో ఎప్పుడూ రాయను, చదివి వెళ్ళిపోతా. ఇది చూసి రాయాలనిపించింది. వివరాలు రాయను.

అందరూ "పిల్లలు చెప్తే ఏం చెయ్యాలి" అంటారు. పిల్లలు అలా కూర్చోబెట్టి చెప్పరు అండీ. నేను చెప్పింది "ఆ సార్ క్లాసుకి వెళ్ళను" అని. ఇంట్లో బద్ధకం అన్నారు. తర్వాత కడుపునొప్పి అన్నాను, అది కూడా నాటకం అన్నారు. అక్కడ ఆఫీసులో కూర్చునే ఇంకొకాయన్ని "సార్ బ్యాచ్ మార్చుకోవచ్చా" అని అడిగాను, ఎందుకు అని ఆయన ఒక్క మాట అడిగుంటే ఏమో. సీట్లు లేవు పో అన్నాడు. నా దృష్టిలో నేను ముగ్గురికి చెప్పాను. వాళ్ళ దృష్టిలో నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆస్ట్రేలియాలో రాయల్ కమిషన్ అని 2013 నుంచి 2017 దాకా ఇలాంటి కేసుల మీదే విచారణ చేసింది, ఎనిమిది వేల మందికి పైగా బాధితులతో విడివిడిగా మాట్లాడారు, జరిగింది బయటికి చెప్పడానికి వాళ్ళకి సగటున 23.9 ఏళ్ళు పట్టింది అని రిపోర్టులో ఉంది. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు.

మీ పాలసీలో ఇది రాయండి, పిల్లలు క్లాస్ మానేసినా, బ్యాచ్ మార్చమన్నా, ఎందుకు అని మెల్లగా అడగాలి అని. అంతే.

సరళరేఖ
@ఊరికే_చదివేవాడు రాసినందుకు థాంక్స్ అండీ. మా అటెండెన్స్ రిజిస్టర్‌లో "మానేసిన కారణం" అనే గడి ఉంది, అందులో ఎప్పుడూ "పర్సనల్" అని ఉంటుంది. రేపటి నుంచి అది నేనే ఫోన్ చేసి అడుగుతాను.

ఇక పిల్లలు నిజంగానే నోరు తెరిచి చెప్పినప్పుడు ఎలా ఉండాలో మేము వాలంటీర్లకి ప్రాక్టీస్ చేయిస్తాం, ఎందుకంటే ఆ క్షణంలో పెద్దవాళ్ళే ఎక్కువ కంగారు పడతారు. మొహంలో షాక్ చూపించకుండా వినాలి. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, "నిన్ను కాపాడటానికి చెప్పాల్సిన ఒకరిద్దరికి మాత్రం చెప్తాను" అనాలి. ప్రశ్నలు తక్కువ, అవి కూడా "తర్వాత ఏమైంది" లాంటివి. "ఆయన ఇక్కడ చెయ్యి వేశాడా" అని మనమే మాటలు అందించకూడదు, రేపు కోర్టులో అదే పెద్ద సమస్య అవుతుంది. పిల్ల వెళ్ళగానే పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసి, టైమ్ వేసి, సంతకం పెట్టి అదే రోజు ఇన్‌చార్జ్‌కి ఇవ్వాలి. ఆరోపణ వచ్చిన మనిషి దగ్గరికి వెళ్ళి "ఏంటి సార్ ఇలా అంటోంది" అని మాత్రం అడక్కూడదు. మంచి మనసుతో చాలామంది చేసేది అదే, దాంతో ఆ పిల్ల మీద ఒత్తిడి మొదలవుతుంది, సాక్ష్యాలు పోతాయి.

లా_పాయింట్
సరళరేఖ గారు ఆపిన చోట నుంచి నేను. నిజం తేల్చడం సంస్థ పని కాదు. ఈ వాక్యం మీ పాలసీలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ప్రతి సంస్థా చేసేది ఏంటంటే, ఫిర్యాదు రాగానే ముగ్గురితో ఒక లోపలి కమిటీ, ఆ ముగ్గురూ ఆయన స్నేహితులే, రెండు వారాలు విచారణ, "ఏదో అపార్థం" అని రిపోర్టు. పైన చెప్పిన నాసర్ కేసులోనే, 2015లో విషయం తెలిశాక యూఎస్ఏ జిమ్నాస్టిక్స్ సంస్థ ముందు సొంతంగా ప్రైవేటు మనిషితో విచారణ పెట్టుకుని ఎఫ్‌బీఐకి చెప్పడానికి ఐదు వారాలు తీసుకుంది, ఎఫ్‌బీఐ ఆ తర్వాత ఇంకా నానబెట్టింది, అది వేరే కథ. తర్వాత వచ్చిన చట్టం ప్రకారం అక్కడ క్రీడా సంస్థల్లో పెద్దవాళ్ళు 24 గంటల్లో బయట చెప్పాలి.

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఎవరిది వాళ్ళు చూసుకోండి. భారత్‌లో అయితే 2012 పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19, నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, జరగబోతోందన్న భయం ఉన్నా చెప్పాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, సంస్థని నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాళ్ళ విషయం చెప్పకపోతే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసులు పడకుండా రక్షణ కూడా అందులోనే ఉంది. "పరువు పోతుంది, పిల్ల భవిష్యత్తు" అనే డైలాగులు చట్టానికి తెలియవు.

ఇంకోటి, నిశ్శబ్దంగా రాజీనామా చేయించి, మంచి సర్టిఫికెట్ ఇచ్చి పంపేయడం. అది పక్క సంస్థ పిల్లల మీదికి తోసెయ్యడమే. అమెరికా బాయ్ స్కౌట్స్ వాళ్ళు 1920ల నుంచి "ఇలాంటి మనుషుల్ని మళ్ళీ తీసుకోవద్దు" అని రహస్య ఫైళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళ దగ్గర పేర్లు ఉన్నాయి, చాలా కేసుల్లో పోలీసులకి మాత్రం చెప్పలేదు. 2012లో కోర్టు ఆర్డరుతో వెయ్యికి పైగా ఫైళ్ళు బయటికొచ్చాయి, 2020లో సంస్థ దివాలా కోర్టుకి వెళ్ళింది, ఎనభై వేల మందికి పైగా క్లెయిమ్‌లు వేశారు. పరువు కాపాడుకోవడానికి చేసిన పని అది!

పాత_కోచ్
సరే లాయరు గారూ, ఒకటి చెప్పండి. అబద్ధం ఫిర్యాదు అయితే? ఒక్క మాటతో మనిషి జీవితం పోతుంది. నాకు తెలిసిన ఒక కోచ్ టీమ్‌లోకి తీసుకోలేదని ఒక ఫ్యామిలీ పగబట్టి ఏదేదో ప్రచారం చేసింది. చివరికి ఏమీ లేదని తేలింది, కానీ ఆయన మళ్ళీ గ్రౌండ్‌కి రాలేదు.

లా_పాయింట్
జరుగుతాయి. తక్కువే, కానీ జరిగినప్పుడు ఆ మనిషికి అది చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. ఆ కోచ్ గారిని కాపాడగలిగేది ఏంటి చెప్పండి? ఆయన ఎప్పుడూ ఇంకొకరి కళ్ళ ముందే ఉన్నాడని రుజువు ఉండటం. ఒంటరిగా ఉండకూడదనే రూల్ పిల్లలకి ఎంత ఉపయోగమో మీకూ అంతే. ఫిర్యాదు వచ్చినప్పుడు పక్కన పెట్టడం కూడా శిక్షలా చెయ్యకూడదు. "తేలేదాకా పిల్లల పనిలో ఉండరు, దీనర్థం తప్పు చేశారని కాదు" అని పాలసీలో ముందే రాసి ఉండాలి, అందరికీ ఒకేలా వర్తించాలి. విషయం తెలిసినవాళ్ళు నలుగురికి మించకూడదు. మీరు చెప్పిన కేసులో ఆయన్ని దెబ్బతీసింది ఫిర్యాదు కంటే కాలనీ గ్రూపుల్లో ప్రచారం. పద్ధతి ప్రకారం ఒక చోట చెప్పే దారి ఉంటే జనం గ్రూపుల్లో చెప్పుకోవడం తగ్గుతుంది.

పాత_కోచ్
ఆ చివరి మాట నిజమే.

మోడరేటర్
ఈ మధ్యలో ఒక సభ్యుడు ఒక శిక్షణ సంస్థ పేరు, కోచ్ పేరు, ఒక పాప చదివే స్కూల్ పేరుతో పోస్ట్ పెట్టారు. తీసేశాం. మీరు చెప్పింది అబద్ధమని కాదు. పాపని గుర్తుపట్టే ఏ వివరమూ ఇక్కడ ఉండకూడదు. ఇది పోలీసులకి చెప్పాల్సిన విషయం, భారత్‌లో ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. ఆ సభ్యుడికి విడిగా మెసేజ్ పెట్టాం, దయచేసి చూడండి.

నల్లబల్ల
ఒక విషయం ఎవరూ అనలేదు. పిల్లల్ని అడిగారా? ఆ ఆస్ట్రేలియా కమిషన్ చెప్పిన పది స్టాండర్డ్స్‌లో రెండోదే అది, తమకి సంబంధించిన నిర్ణయాల్లో పిల్లలు పాలుపంచుకోవాలి, వాళ్ళ మాటని సీరియస్‌గా తీసుకోవాలి అని. మేము ఒకసారి బిల్డింగ్ ప్లాన్ గీసి ఇచ్చి "ఎక్కడ బాగుంటుందో పచ్చ రంగు, ఎక్కడ బాగోదో ఎరుపు వెయ్యండి" అన్నాం. పేర్లు రాయొద్దన్నాం. టీచర్లందరం మెట్ల కింద గది అనుకున్నాం, పిల్లలు ఎరుపు వేసింది మంచినీళ్ళ దగ్గర. అక్కడ పెద్ద క్లాసు పిల్లలు చిన్నవాళ్ళని ఏడిపించేవాళ్ళు, స్టాఫ్ రూమ్ కిటికీ నుంచి ఆ మూల ఒక్కటే కనపడదు.

రూల్స్ కాగితం కూడా పిల్లలకి అర్థమయ్యేలా ఒక పేజీ వేరేగా రాయండి, "పెద్దవాళ్ళు ఇవి చెయ్యకూడదు, చేస్తే ఈ ఇద్దరిలో ఎవరికైనా చెప్పు" అని. పెద్దవాళ్ళు ఏం చెయ్యకూడదో పిల్లలకి తెలియకుండా దాచి పెట్టే పాలసీ ఎవరి కోసం?

శనివారం_బ్యాచ్
అప్‌డేట్. నిన్న కమిటీ మీటింగ్ అయింది. నెట్లోంచి కాపీ చేసే ఐడియా పోయింది, మూడు పేజీల్లో మనం అనుకున్నవే రాశాను. "అడిగే అవకాశం లేకపోవడాన్నే నమ్మకం అనుకుంటున్నాం" అన్న పాయింట్ ఆవిడకి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత కారు రూల్ తనే రాయించింది. ఫోన్ రూల్స్ మీద యూత్ వాలంటీర్లు గొణిగారు, ఒప్పుకున్నారు. క్యాంప్ గదులు ఓకే. బయటికి రిపోర్ట్ చెయ్యడం మీద గంట వాదన, చివరికి లా_పాయింట్ గారు రాసింది చదివి వినిపించాను.

ఆగిపోయింది ఒక్క చోట. మా గ్రూప్ మొదలుపెట్టిన పెద్దాయన ఉన్నారు, అందరం గురువుగారు అంటాం. ఆయన రిహార్సల్స్‌కి పిల్లల్ని ఒక్కొక్కర్ని ఇంటికి పిలిపించుకుని డైలాగ్ చెప్పిస్తారు, ఎప్పటినుంచో అంతే. ఆయన "నాకు కూడానా?" అన్నారు, అంతే, ఎవరూ మాట్లాడలేదు. ఆయన మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఒట్టు.

మూడో_వరుస
ఆయనకి మినహాయింపు ఇస్తే నేను మీ గ్రూపుకి నా పిల్లల్ని పంపను. ఆయన ఎవరో తెలియదు, ఆయన మీద కోపం లేదు, జస్ట్ చెప్తున్నా.

పాత_కోచ్
తమ్ముడూ, నేను చెప్తా విను, మొన్నటిదాకా మీతో వాదించింది నేనే కాబట్టి. ఆయన దగ్గరికి ఒక్కడివే వెళ్ళు, కమిటీని తీసుకెళ్ళకు. "గురువుగారూ, మీరు మొదటి సంతకం పెడితే మిగతా ఎవరూ నోరెత్తరు, మీరు పెట్టకపోతే రేపు నేను ఎవరినీ ఆపలేను" అను. డైలాగులు హాల్లోనే చెప్పించండి, కుర్చీ ఒక మూల వేస్తాం, పక్కన ఇంకో ఇద్దరు పిల్లలు కూర్చుని వింటారు, వాళ్ళకీ నేర్చుకున్నట్టు ఉంటుంది అను. పెద్దవాళ్ళకి రూల్ కంటే స్థానం ముఖ్యం, ఆ స్థానం ఇచ్చి అడుగు.

సరళరేఖ
కోచ్ గారు చెప్పినట్టు చెయ్యండి, ఒక్కటి కలుపుతా. ఆయన ఒప్పుకునేదాకా ఇంట్లో రిహార్సల్స్ ఆపండి, ఒప్పుకున్నాక కాదు, ఇప్పుడే. రూల్ అందరికీ మొదలైన రోజే ఆయనకీ మొదలవ్వాలి.

శనివారం_బ్యాచ్
ఈ శనివారం నుంచి హాల్లోనే అని గ్రూపులో మెసేజ్ పెట్టేశాను, కారణం రాయలేదు, అందరికీ ఒకటే అని పెట్టా. ఆయనతో ఆదివారం మాట్లాడతా. ఇంకో హెల్ప్ కావాలి, ఎవరికైనా ఏదైనా తేడాగా అనిపిస్తే రాసి ఇచ్చే స్లిప్ లాంటిది ఉంటుందా? పెద్ద ఫిర్యాదు స్థాయి కానివి.

సరళరేఖ
ఉంటుంది. ఇంగ్లండ్ స్కూళ్ళ గైడెన్స్‌లో 2021 నుంచి ఈ చిన్న చిన్న అనుమానాలు కూడా రాసి పెట్టాలని చేర్చారు, ఎందుకంటే ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏమీ ఉండదు, నాలుగు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మా స్లిప్‌లో ఏం చూశాను, ఎప్పుడు, ఎక్కడ, ఇంకెవరున్నారు, నేను ఏం అన్నాను, ఇంతే ఉంటుంది. "నా అభిప్రాయం" అనే గడి తీసేశాం, దాంట్లో కథలు రాస్తున్నారు. ఎవరి గురించి వాళ్ళే కూడా రాసుకోవచ్చు, "ఈరోజు వాన పడి ఇంకెవరూ రాకపోతే ఒక పిల్లని ఒక్కదాన్నే కారులో దింపాను, పేరెంట్‌కి ఫోన్ చేసి చెప్పాను" అని. అవే ఎక్కువ వస్తాయి మాకు.

శనివారం_బ్యాచ్
అవి నా దగ్గరికి వస్తాయి కదా. నా గురించే రాస్తే?

లా_పాయింట్
స్లిప్ వెనకాల రెండో పేరు, ఫోన్ నంబర్ ప్రింట్ చేయించండి. మీ కమిటీలో లేని మనిషిది, మీకు చుట్టం కానిది. ఆ నంబరు పిల్లల పేజీలో కూడా ఉండాలి.